32 సెకన్లకే కట్: కంట్రోల్ రూమ్ లైన్లు సిప్‌కు మార్చిన నా అనుభవం

నిన్న రాత్రికి పాత పీఆర్ఐ (ఒకే తీగలో 30 కాల్స్ మోసే పాతకాలం టెలిఫోన్ లైను) మీద ఒక్క కాల్ కూడా రాలేదు. అనంతపురం వైపు మేం చేస్తున్న ఎమర్జెన్సీ కంట్రోల్ రూమ్ మొత్తం సిప్ ట్రంకు, అంటే ఇంటర్నెట్ పద్ధతిలో కాల్స్ తెచ్చే లైను, మీదికి వచ్చేసినట్టే. ఏ శాఖ, ఏ టెలికాం కంపెనీ అన్నది చెప్పను, చెప్తే మా బిల్లు ఆగుతుంది. ఇదే పనికి దిగేవాళ్ళ కోసం, మంట చల్లారకముందే రాసిపెడుతున్నా.

లెక్క తేలిక. ఒక పీఆర్ఐ అంటే 2.048 ఎంబీపీఎస్ ఈ1 లైను. 32 స్లాట్లలో ఒకటి సింక్‌కు, ఒకటి సిగ్నలింగ్‌కు పోతే మాటకు మిగిలేవి 30. అవే 30 కాల్స్ జీ.711లో (మాటను కుదించకుండా పంపే పద్ధతి) సిప్ మీద తీసుకుంటే, హెడర్లతో కలిపి కాల్‌కు 87 కేబీపీఎస్ చొప్పున ఒక్కో వైపు 2.6 ఎంబీపీఎస్. 10 ఎంబీపీఎస్ లింకు ధారాళంగా సరిపోతుంది. బ్యాండ్‌విడ్త్ మిగుల్చుకుందామని మాటను బాగా కుదించే జీ.729 జోలికి పోవద్దు. ఏడుస్తూ, అరుస్తూ మాట్లాడేవాళ్ళ మాట అందులో నలిగిపోతుంది. స్విచ్‌లో వాయిస్‌కు డీఎస్‌సీపీ 46 (ముందు దీన్నే పంపు అనే గుర్తు) పెట్టండి, సీసీటీవీ కెమెరాలు అదే స్విచ్‌లో ఉంటే వాటిని వేరే వీల్యాన్‌లోకి, అంటే అదే స్విచ్‌లో విడిగా గీసిన నెట్‌వర్కులోకి, తోసేయండి.

రెండు ఫైబర్లు అడిగాం, రెండూ ఇచ్చారు, రెండూ ఒకే గుంతలోంచి వచ్చాయి. రోడ్డు వెడల్పు చేసే జేసీబీకి అవి రెండని తెలియదు కదా. ఆర్డరు ఇచ్చేముందే రూటు మ్యాపు కాగితం మీద రాయించుకోవాలి. మేం రాయించుకోలేదు, చివరికి రెండో దారిని టవర్ మీది రేడియో లింకుగా మార్పించాం.

ఇక అసలు సంగతి. మార్చిన మొదటి రోజు టెస్టు షీటులో అన్నీ టిక్కులే. మర్నాడు పొద్దున ఆపరేటరమ్మ వచ్చి, "సార్, ఊరు పేరు చెప్పేలోపే కట్టయితాంది" అంది. రికార్డింగులు తీసి చూస్తే వచ్చిన కాల్స్ అన్నీ 32 సెకన్లకే ఆగిపోయాయి. 31 కాదు, 35 కాదు. మా టెస్టు కాల్స్ ఏమో "హలో, వినపడుతోందా, సరే పెట్టేయ్" అనే పది సెకన్ల కాల్స్. తప్పు పట్టుబడే దాకా ఒక్కటీ సాగలేదు.

టెలికాం వాళ్ళది ఒకటే మాట: "మా సైడ్ క్లియర్ సార్." మీటింగులో అందరి ముందూ అదే అన్నారు. "పాత లైన్లే నయం కదయ్యా" అని పెద్దాఫీసరు అంటే తల దించుకోవడం తప్ప చేసేదేం లేదు. ఆ మధ్యాహ్నానికే కాల్స్‌ను పీఆర్ఐ మీదికి తిప్పేశాం. అది తీసేయకుండా ఉంచుకోవడం ఒక్కటే ఈ మొత్తంలో మేం చేసిన తెలివైన పని.

32 అన్న అంకె దగ్గరే ఆగాలి. సిప్‌లో టీ1 అనే టైమరు 500 మిల్లీసెకన్లు, దానికి 64 రెట్లు 32 సెకన్లు. బెల్లు మోగి ఆపరేటరు ఎత్తగానే మన సర్వరు 200 ఓకే, అంటే "ఫోన్ ఎత్తారు" అనే సందేశం, పంపుతుంది. దానికి అటునుంచి ఏసీకే అనే రసీదు రావాలి. రాకపోతే సర్వరు అదే 200 ఓకేను మళ్ళీ మళ్ళీ పంపి, 32 సెకన్లు చూసి, బై అనే ముగింపు సందేశం పంపి కాల్ తెంపేస్తుంది. ఈలోగా మాటలు మాత్రం శుభ్రంగా వినిపిస్తాయి. మాట దారి వేరు, సిగ్నల్ దారి వేరు.

నెట్‌వర్కులో పోయే సందేశాలను చూపించే వైర్‌షార్క్‌లో పట్టి చూస్తే అదే కనబడింది. ఒక్క కాల్‌కు 200 ఓకే పదకొండు సార్లు. అర సెకను, ఒకటి, రెండు, నాలుగు, ఆ తర్వాత అన్నీ నాలుగేసి సెకన్ల ఎడంతో. ఏసీకే ఒక్కటీ లేదు. కారణం 200 ఓకే లోపలి కాంటాక్ట్ హెడర్, అంటే "ఇకపై నాకు ఈ అడ్రసుకు పంపు" అనే వరుస. అందులో మా సర్వరు లోపలి అడ్రసు, 192.168తో మొదలయ్యేది, అలాగే పోయింది. ఏసీకే ఆ కాంటాక్ట్ అడ్రసు చూసుకునే బయలుదేరుతుంది. అంటే టెలికాం వాళ్ళు "మా సైడ్ క్లియర్" అన్నది అబద్ధం కాదు, ఏసీకే పంపారు, కానీ పంపింది వాళ్ళ నెట్‌వర్కులో ఎక్కడా లేని అడ్రసుకు. 200 ఓకే మాత్రం వయా హెడర్ దారిన, అంటే కాల్ వచ్చిన దారినే, వెనక్కి చేరిపోతుంది, అందుకే అటువైపు కాల్ కలిసినట్టే ఉంటుంది.

మమ్మల్ని ఇంకా తప్పుదారి పట్టించింది తిరుగు కాల్స్. ఆపరేటర్లు తిరిగి ఫోన్ చేస్తే అవి 32 సెకన్లకు తెగలేదు. "ఔట్‌గోయింగ్ బాగుంది, ట్రంకు బాగుంది" అని ఒక పూట పోగొట్టుకున్నాం. ఔట్‌గోయింగ్‌లో ఏసీకే పంపేది మనమే కాబట్టి తెగదు. అవతలివాళ్ళు ఫోన్ పెట్టేసినప్పుడు రావాల్సిన బై మాత్రం అదే తప్పుడు అడ్రసుకు పోయేది, స్క్రీన్ మీద లైను బిజీగానే ఉండిపోయేది. రోగం ఒకటే, లక్షణాలు రెండు.

ఫైర్‌వాల్‌లో సిప్ ఏఎల్‌జీ (సిప్ సందేశాల్లోని అడ్రసులను తనంతట తానే మార్చేసే ఏర్పాటు) మొదటే ఆపేశాం, అది సరే. పీబీఎక్స్‌లో, అంటే కాల్స్ నడిపే మా సర్వరులో, ఎక్స్‌టర్నల్ మీడియా అడ్రస్ (మాట రావాల్సిన బయటి అడ్రసు) పెట్టాం, అందుకే మాట వినిపించింది. ఆ పక్కనే ఉండే ఎక్స్‌టర్నల్ సిగ్నలింగ్ అడ్రస్ ఖాళీగా వదిలేశాం. ఒక్క గడి. నింపి, సర్వీసు రీస్టార్ట్ చేసి, ఈసారి ఐదు నిమిషాల టెస్టు కాల్ పెట్టాం. రెండు వైపులనుంచీ పెట్టేయించి చూశాం. మీరు కూడా టెస్టు కాల్ రెండు నిమిషాలకు తక్కువ చేయొద్దు, మధ్యలో హోల్డు, ట్రాన్స్‌ఫర్ చేసి చూడండి.

నంబర్ల పంచాయితీ చిన్నదేం కాదు. ఒకే మనిషి నంబరు ఒకసారి +91తో, ఒకసారి సున్నాతో వస్తే పాత కాల్స్ చరిత్ర కలవదు. చివరి పది అంకెలే ఉంచుకుందాం అనుకుంటే ల్యాండ్‌లైన్ దగ్గర దెబ్బ తగిలింది. అనంతపురం ఎస్టీడీ కోడు 08554లో సున్నా తీసేస్తే 8554, దానికి ఆరంకెల నంబరు కలిపితే అచ్చం మొబైల్ నంబరే. 8518 కర్నూలు, 8562 కడప కూడా అంతే. సాఫ్ట్‌వేరు పాపం వాటికీ మొబైల్ లొకేషన్ అడుగుతూ కూర్చునేది. సున్నాను కత్తిరించకముందే ఎస్టీడీ కోడ్ల పట్టికతో పోల్చి వేరుచేయాలి.

ఊళ్ళ పేర్లకూ ఇలాంటి పట్టికే కావాలి. గుత్తిని ఇంగ్లీషులో రెండు రకాలుగా, తాడిపత్రిని మూడు రకాలుగా కొడతారు. రామాపురాలు, కొత్తపల్లులు ఎన్నో. మండలం గడి ముందు, ఊరు గడి తర్వాత వచ్చేలా స్క్రీన్ మార్పించాం. సిమ్ కార్డు అడ్రసును లొకేషన్‌గా చూపించే వెండరు వస్తే మర్యాదగా టీ ఇచ్చి పంపేయండి. కదిరి సిమ్‌తో బెంగళూరులో ఉండేవాళ్ళు ఎంతమంది!

రాయదుర్గం వైపు ఫోన్లు కర్ణాటక టవర్ పట్టుకుంటే 112 కాల్ అటు పోతుంది. ఆ కాల్ మనకు బదిలీ అయి వచ్చేటప్పుడు గుడ్డిగా ట్రాన్స్‌ఫర్ చేస్తే మధ్యలో మళ్ళీ బెల్లు వినబడి జనం పెట్టేస్తారు. మూడోవాళ్ళను కాన్ఫరెన్సులోకి తీసుకుని, మాట కలిశాకే మొదటి ఆపరేటరు తప్పుకోవాలి. దీనికి ప్రతి సీటుకూ రెండో చానెల్ అదనంగా లెక్కేసుకోండి.

పాత పీఆర్ఐకీ, కొత్త సిప్‌కీ కలిపి కట్టిన రెండు నెలల అద్దె మీద ఆడిట్ వాళ్ళ ప్రశ్న ఇవాళే వచ్చింది. జవాబుకు ఆ పదకొండు 200 ఓకేల ప్రింటవుట్ జత చేసి పంపాం.