రంగు జోలికి మాత్రం పోలేదు

మొత్తానికి 1966 ఫోర్డ్ ఎఫ్-100 పికప్ రోడ్డెక్కింది. ఇక్కడ టెక్సస్‌లో మనవాళ్లు ఎవరు చూసినా మొదట అడిగేది ఒకటే: "ఇంత ఖర్చు పెట్టావు, రంగు వేయించలేదేం అన్నా?"

వేయించకూడదనే కదా ఇంత తిప్పలు! ఎండకు వెలిసిన లేత నీలం, బానెట్ మీద రంగు అరిగిపోయి కింది ప్రైమర్ బయటపడ్డ చోటు, తలుపు మీద సగం చెరిగిన దాణా కొట్టు పేరు... ఇదంతా దశాబ్దాల ఎండావానా చేసిన పని. ఏ పెయింటర్‌కి చెప్పి చేయిస్తాం? తుప్పు తినేసిన క్యాబ్ మూలలు మాత్రం కోయించి కొత్త రేకు వెల్డింగ్ చేయించాను. ఆ అతుకు పాత రంగులో కలిసిపోయేలా చేయడానికే ఎక్కువ టైమ్ పట్టింది.

కంటికి కనిపించని చోట మొహమాటపడలేదు. పెడల్ తొక్కితే బ్రేకు ద్రవాన్ని చక్రాలకు నెట్టేది మాస్టర్ సిలిండర్; ఈ మోడల్‌లో దానికి ఒకటే అర. ఎక్కడ లీకైనా నాలుగు చక్రాల బ్రేకులూ పోయినట్టే. అందుకే రెండు అరలది పెట్టించి, ముందు చక్రాల లైను, వెనక చక్రాల లైను విడదీయించాను. 1967 నుంచి ఫోర్డే అలా ఇచ్చింది. పెట్రోల్ ట్యాంకు అయితే ఏకంగా క్యాబ్ లోపల, సీటు వెనకాలే! దాన్ని కదపకుండా గొట్టాలు, రబ్బర్లు కొత్తవి వేయించాను.

ఇంజిన్ అదే, ఆరు సిలిండర్ల 240 క్యూబిక్ అంగుళాలది. గేరు రాడ్ స్టీరింగ్ పక్కన, మన పాత అంబాసిడర్‌లో లాగా. ఊరి నుంచి వచ్చిన నాన్న తాళాలు తీసుకుని, నన్ను పక్క సీట్లోకి జరగమన్నారు.