మత్తు అనే ఒక్క మాట

ఈ రోజు ఉదయం బాలాజీ కాలనీలోని ఒక దంతవైద్యశాలకు వెళ్లి, పన్ను తీయించుకోకుండా, దాన్ని ఎలా తీయించుకోవాలో మాత్రం తేల్చుకుని వచ్చాను. కింది దవడలో కుడివైపు చివరన నిటారుగా రావలసిన జ్ఞానదంతం అడ్డంగా పడుకుని పక్క పన్నును నెడుతోందని పది రోజుల కిందటే ఎక్స్‌రేలో తెలిసింది. అప్పటి నుంచి ఎడమవైపునే నములుతున్నాను. రాగి సంగటిని నమలవలసిన పనే లేదు కనుక రాత్రి భోజనానికి అదే స్థిరపడిపోయింది.

నా భయానికి పాత కారణం ఒకటుంది. ఏడో తరగతిలో ఉండగా, చిగురు వాచి చీము పట్టిన పన్నును అలాగే పీకించారు. సూది వేశారు, దవడ మొద్దుబారలేదు, అయినా పీకారు. ఆ నొప్పికంటే, "మత్తు ఇచ్చినాక నొప్పి ఎట్లా పుడుతుందిరా" అంటూ పెద్దవాళ్లందరూ నన్నే తప్పుపట్టడం ఎక్కువగా గుర్తుండిపోయింది. అందుకే ఈ రోజు కుర్చీలో కూర్చుంటూనే, నాకేమీ తెలియకుండా పూర్తిగా మత్తు ఇచ్చేయమని అడిగాను.

"ఏ మత్తు సార్?" అన్నారు డాక్టరుగారు.

అప్పుడు గాని నాకు తట్టలేదు, మనం దవడ తిమ్మిరెక్కినా, కళ్లు మూతలు పడుతున్నా, ఒళ్లు తెలియకుండా పడి ఉన్నా అన్నింటినీ మత్తు అనే ఒక్క మాటతోనే చెప్పుకుంటామని. చిగురులో వేసే లిగ్నోకెయిన్ సూది ఆ చోటి నరాన్ని మాత్రమే మొద్దుబారుస్తుంది, మనిషి మెలకువగానే ఉంటాడు. సెడేషన్ అన్నది భయాన్ని తగ్గించి మగత తెచ్చేదే తప్ప దానంతట అది నొప్పిని ఆపేది కాదు కనుక, ఏ పద్ధతి ఎంచుకున్నా సూది తప్పదని ఆమె చెప్పారు. చీము ఉన్నచోట కణజాలానికి ఆమ్లగుణం పెరిగి మందు నరంలోకి సరిగా చొరబడదని, అందుకే ముందుగా చిగురు వాపు తగ్గించి ఆ తరువాతే పన్ను జోలికి వెళతామని కూడా చెప్పారు. 38 ఏళ్ల కిందటి ఆ తప్పు నాది కాదని ఈ రోజు తెలిసింది.

ఇక మిగిలింది మగత సంగతి. ముక్కు ద్వారా పీల్చే గ్యాసు, గంట ముందు మింగే మాత్ర, రక్తనాళంలోకి ఎక్కించే మందు అని మూడు మార్గాలు చెప్పారు. నేను మూడోదాని వైపే మొగ్గాను, ఎందుకంటే దాని తరువాత జరిగినది చాలామందికి గుర్తే ఉండదట. అంతలో ఆమె, గురక పెడతారా అని అడిగారు. అప్పుడప్పుడు అని నేను అంటుండగానే మా ఆవిడ, "అప్పుడప్పుడేంది డాక్టరమ్మా, రాత్రంతా. మధ్యలో ఊపిరి ఆగినట్టు కూడా అవుతుంది" అంది. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కి కొండకు నడిచే మనిషినని చెప్పబోయాను గాని, దానికీ గురకకూ సంబంధం లేదని నాకే తెలిసి ఊరుకున్నాను.

మగత మందులు గొంతు కండరాలను సడలిస్తాయి. నిద్రలో ఊపిరి ఆగే వాళ్లకు అవి ప్రమాదం కావచ్చు కాబట్టి, రక్తనాళంలోకి మందు ఎక్కించాలంటే ముందు నిద్ర పరీక్ష చేయించుకుని, మత్తు డాక్టరు ఉన్న పెద్ద ఆసుపత్రిలోనే చేయించుకోమన్నారు. మింగిన మాత్రను మధ్యలో తగ్గించడం కుదరదు. గ్యాసయితే ఆక్సిజన్‌తో కలిపి కొద్దికొద్దిగా పెంచుతూ ఇస్తారు, ఆపాక కొన్ని నిమిషాలు ఆక్సిజన్ మాత్రమే పీల్చితే తేరుకుంటాము. కాకపోతే ముక్కు తెరిపిగా ఉండాలి. నేను దానికే ఒప్పుకున్నాను.

ఇంటికి వచ్చాక ఆ గ్యాసు గురించి, అంటే నైట్రస్ ఆక్సైడ్ గురించి చదివాను. 1844 డిసెంబరులో హారెస్ వెల్స్ అనే అమెరికా దంతవైద్యుడు దాన్ని పీల్చి తన పన్నే తీయించుకున్నాడట. మరుసటి నెల బోస్టన్‌లో అందరి ముందు ప్రయోగం చేసినప్పుడు, గ్యాసు సరిపోక రోగి మూలిగితే, చూసేవాళ్లు అదంతా మోసమని వెల్స్‌ను వెక్కిరించారు. నాకు మాత్రం మూలిగినవాడే మనవాడిలా అనిపించాడు.

వచ్చే గురువారం రమ్మన్నారు. ఆలోగా జలుబు చేస్తే గ్యాసు కుదరదని విన్న దగ్గరి నుంచి మా ఆవిడకు ఒకటే పట్టుదల. రాత్రి సంగటిలోకి ఫ్రిజ్‌లోని పెరుగు వేసుకోబోతే గిన్నె లాక్కుంది.