ఒకే మాట, రెండు పలుకులు

"బాత్" అన్న ఒక్క మాటను ఆ విద్యార్థిని లండన్ వారిలా దీర్ఘం తీసి, ఆ వెంటనే ఉత్తర ఇంగ్లండు వారిలా "బ్యాత్" అని పొట్టిగా పలికేసరికి, గుంటూరులోని మా తరగతి గది ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది.

ఇంగ్లీషు యాసలపై ఆమె చేసిన ప్రసంగ నిర్మాణాన్ని విశ్లేషించే పని ఈ రోజు నాకు అప్పగించారు. లివర్‌పూల్, న్యూకాజిల్, బర్మింగ్‌హామ్ అంటూ ఊరి వెంట ఊరు చక్కగానే సాగింది. కానీ 1840లలో ఐర్లండు కరువుకు తాళలేక తరలివచ్చిన వేలాది కుటుంబాల మాట లివర్‌పూల్ యాసలో కలిసిపోయిందన్న అసలు కారణం చివరి నిమిషంలో గాని రాలేదు. అది మొదటే వచ్చి ఉంటే, తక్కిన ఊళ్ల యాసల వెనుక కూడా మనుషులు కనిపించేవారని నాకు గట్టిగా అనిపించింది.

ఆ పేరా పక్కన పెన్సిలుతో పైకి బాణం గీశాను. శ్రీకాకుళం నుంచి వచ్చిన తన అమ్మమ్మ మాటతీరును తలచుకున్న ముగింపును మాత్రం ముట్టుకోలేదు.