కండక్ట్ కాలమ్‌లో నా తెలుగు

శనివారం మా స్కూల్లో ఇన్వెస్టిచర్, అంటే ఎన్నికైన లీడర్లకు బ్యాడ్జిలిచ్చి ప్రమాణం చేయించే ఫంక్షన్, అయింది. నేనిప్పుడు ఇంటరాక్ట్ క్లబ్ ప్రెసిడెంట్‌ని. బ్యాడ్జి వచ్చినా కోపం మాత్రం ఇంకా దిగలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

మాది సికింద్రాబాద్‌లో ఒక మిషనరీ స్కూల్. ఎస్పీఎల్ (స్కూల్ ప్యూపిల్ లీడర్) అయినా, హౌస్ కెప్టెన్ అయినా, క్లబ్ ప్రెసిడెంట్ అయినా పద్ధతి ఒకటే: ఫారం, క్లాస్ టీచర్ సంతకం, ఇంటర్వ్యూ, అసెంబ్లీలో స్పీచ్, ఓటింగ్. ఫారం పది నిమిషాల్లో నింపేశాను.

సంతకం దగ్గరే నా ప్రాణం తీశారు.

ఫారంలో 'కండక్ట్' అని ఒక కాలమ్ ఉంటుంది. మిస్ ఫైన్ రిజిస్టర్ తెరిచి, "నాలుగుసార్లు తెలుగులో మాట్లాడావు, నువ్వేం లీడర్‌వి?" అన్నారు. ఆ నాలుగింటికీ పదేసి రూపాయలు ఎప్పుడో కట్టేశాను. అందులో ఒకటి నాకు బాగా గుర్తుంది. ఆరో తరగతి పాప మెట్ల మీద పడి మోకాలు చీరుకుపోతే, కర్చీఫ్ కట్టి "ఏడవకమ్మా, ఏం కాలేదు" అన్నాను. అంతే. ఆ పాపకు అప్పుడు ఇంగ్లిష్‌లో చెప్పాలా?

మూడు రోజులు లంచ్ టైమంతా స్టాఫ్‌రూమ్ బయట నిలబడ్డాను. టిఫిన్ బాక్స్ తెరవకుండానే ఇంటికి తీసుకెళ్లాను. మూడో రోజు మిస్ ఎర్ర పెన్నుతో 'నీడ్స్ ఇంప్రూవ్‌మెంట్' అని రాసి, దాన్ని క్లాసు ముందు పైకి చదివి మరీ ఇచ్చారు. తల ఎత్తలేకపోయాను.

తెలంగాణలో అన్ని స్కూళ్లలో తెలుగు నేర్పాలని 2018లో చట్టమే వచ్చింది. మా అసెంబ్లీలో గురువారం "పరలోకమందున్న మా తండ్రీ" అని తెలుగులోనే ప్రార్థన చేస్తాం, మిస్ కూడా కళ్లు మూసుకుని చెబుతారు. ప్రార్థనకు పనికొచ్చిన భాష వరండాలోకి రాగానే తప్పయిపోతుందా? నాకు ఇప్పటికీ అర్థం కాదు.

వచ్చే ఏడు నిలబడే జూనియర్లూ, ముందు సంతకం సంగతి చూసుకోండి, మిగతావన్నీ తర్వాత. లంచ్‌లో అసలు వెళ్లకండి, ఉదయం బెల్ కొట్టకముందే పట్టుకోండి. ఫారం జిరాక్స్ ఒకటి దగ్గర ఉంచుకోండి.

ఇంటర్వ్యూలో ప్రిన్సిపల్ సిస్టర్ ఆ ఎర్ర అక్షరాలు చూసి, "ఏం మాట్లాడావమ్మా?" అని తెలుగులోనే అడిగారు. మోకాలి సంగతి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత క్లబ్ గురించి అడిగారు. ఇంటరాక్ట్ రోటరీ వాళ్లది, 12 నుంచి 18 ఏళ్ల వాళ్లకు. ఏడాదికి కనీసం రెండు ప్రాజెక్టులు చేయాలి, ఒకటి స్కూలుకో ఊరికో సేవ, రెండోది దేశాల మధ్య స్నేహం పెంచేది. మొదటిదానికి, మా వీధి సర్కారు బడి పిల్లలకు శనివారాలు కథలు చదివి వినిపిస్తామన్నాను. "ఏ భాషలో?" అన్నారు. "తెలుగులో, సిస్టర్" అన్నాను. ఫారం మీద టిక్ పెట్టారు.

స్పీచ్ బాగా వచ్చింది. ఓట్లు అందరికంటే నాకే ఎక్కువ పడ్డాయి. ఆరో తరగతి మొత్తం నాకే వేసిందట!

ఇన్వెస్టిచర్‌కి నానమ్మ వచ్చింది. ప్రమాణమంతా ఇంగ్లిష్‌లోనే కదా, అయ్యాక వరండాలో నా చేయి పట్టుకుని "ఏం చెప్పించారే నీతో?" అంది. 'స్పీక్ ఇన్ ఇంగ్లిష్' బోర్డు కిందే నిలబడి ఒక్కో వాక్యం తెలుగులో చెప్పాను. మిస్ పక్కనుంచే వెళ్లారు. నేను గొంతు తగ్గించలేదు.