దుబాయ్‌లో నీళ్లు కాగబెట్టే పని

"గంత ఎండలున్న దేశంల నీళ్లు కాగబెట్టుడేంది బిడ్డా?" జగిత్యాల నుంచి అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా ఇదే అడుగుతుంది. జనవరి రాత్రుల్లో ఇక్కడ 14, 15 డిగ్రీలకు దిగుతుందని, విల్లాల్లో పూల్‌కు 28, స్పాకు, అంటే వేడినీళ్ల తొట్టికి, 38 కావాలంటారని చెప్పినా నమ్మదు.

ఊళ్లో నేను ఏసీ మెకానిక్‌ని. పూల్ హీట్ పంపు మొదటిసారి చూసి, ఓస్ ఇంతేనా అనుకున్నాను. ఫ్యాన్, కాయిల్, కంప్రెసర్, గ్యాస్ అన్నీ తెలిసినవే. గాలిలోని వేడి లాగి నీళ్లకిస్తుంది. నాకు తెలియనిదల్లా ఆ నీళ్ల సంగతే.

మొదటి చలికాలం, జుమేరాలో ఒక విల్లా. సాయంత్రం చుట్టాలొస్తున్నారు, స్పా చల్లగా ఉంది, మేడమ్ వేడిగా ఉంది. డిస్‌ప్లే మీద హై ప్రెషర్ ఫాల్ట్, అంటే లోపల గ్యాస్ ప్రెషర్ మితిమీరిందని. రీసెట్ కొడితే పది నిమిషాలు తిరిగి మళ్లీ ఆగిపోతోంది. గ్యాస్ ఎక్కువైందేమోనని టెన్షన్‌గా గేజీలు బయటికి తీశాను. వెంట వచ్చిన మలయాళీ సీనియర్ చెయ్యి అడ్డం పెట్టాడు. "గ్యాస్ తర్వాత. పహలే పానీ దేఖ్."

ఇసుక ఫిల్టర్ మీద గేజీ 24 పీఎస్‌ఐ చూపిస్తోంది. శుభ్రంగా ఉన్నప్పుడు 12 అని పక్కనే ఎవరో మార్కర్‌తో రాసి పెట్టారు. అంతకుముందు రెండు రోజులూ దుమ్ము గాలి. ఫిల్టర్ పూడుకుపోయి నీళ్లు సన్నగా నడుస్తున్నాయి. కంప్రెసర్ ఇచ్చే వేడిని మోసుకుపోయేంత నీళ్లు లేకపోతే గ్యాస్ ప్రెషర్ పెరగక ఏమవుతుంది? మోటారు ఆపి వాల్వు బ్యాక్‌వాష్‌కు, అంటే నీళ్లు ఎదురు పారించి ఫిల్టర్ కడగడానికి, తిప్పాం. ఆపకుండా తిప్పితే లోపలి రబ్బరు సీలు పాడవుతుంది, అది ఇంకో ఖర్చు. మళ్లీ మోటారు వేస్తే, వాల్వు దగ్గరి సైట్ గ్లాస్ అనే గాజు గొట్టంలో మొదట టీ డికాషన్ రంగు నీళ్లు, కాసేపటికి తేటబడ్డాయి. ఆ తర్వాత మిషన్ ఆగలేదు. గేజీలు మళ్లీ బ్యాగులోకి పోయాయి.

ఇవే మిషన్లు కొన్ని విల్లాల్లో ఎండాకాలం పూల్ నీళ్లను చల్లబరుస్తాయి. అప్పుడు లెక్కంతా తిరగబడుతుంది. నీళ్లు తగ్గితే వచ్చేది లో ప్రెషర్. హై ప్రెషర్ వచ్చిందంటే ముందు కాయిల్‌కు పట్టిన దుమ్ము చూడాలి. ఇది తలకెక్కడానికి నాకు ఒక ఏడాది పట్టింది.

చలికాలం ఇంకో గోల, మిషన్ కింద నీళ్లు కారుతున్నాయని ఫోన్లు. చాలాసార్లు అది గాలిలోని తేమ వల్ల చల్లటి కాయిల్‌కు పట్టిన చెమటే. నోటితో చెబితే ఎవరూ వినరు. ఆ నీళ్లు పట్టి, టెస్ట్ కాగితం ముక్క ముంచి క్లోరిన్ ఉందో లేదో చూపిస్తాను. క్లోరిన్ ఉంటే పూల్ నీళ్లు, లీకేజీ నిజమే. లేకపోతే చెమట. ఈమధ్య ఒకాయన ఆ ముక్క ఇంకోసారి ముంచమన్నాడు. ముంచాను.

జూన్ వచ్చిందంటే మా క్యాంపులో మిషన్ అక్కర్లేదు. పైన ట్యాంకు ఎండకు కాగి, నల్లా తిప్పితే చెయ్యి కాలుతుంది. పొద్దున స్నానానికి రాత్రే బకెట్ నింపి పెట్టుకుంటాం. అది మాత్రం అమ్మ వెంటనే నమ్మింది.