“ఐ ఎంకరేజ్ యూ టు అప్లై” అంటే అవునా, కాదా?

విదేశాల్లో పీహెచ్‌డీకి అప్లికేషన్లు పంపేశాను, కోపం మాత్రం ఇంకా చల్లారలేదు. ట్రాన్‌స్క్రిప్టులు, రికమెండేషన్లు చాకిరీయే గానీ వాటిలో అయోమయం లేదు. బుర్ర తినేసింది, “మీ దగ్గర చేరొచ్చా” అని ముందే రాసిన మెయిళ్లకు ప్రొఫెసర్లిచ్చిన జవాబులే.

అసలు ప్రొఫెసర్‌కి ఆ మెయిల్ అవసరమా కాదా ముందు చూసుకోండి. జర్మనీలో ఏ గ్రాడ్యుయేట్ స్కూల్లోనూ చేరకుండా విడిగా చేసే పీహెచ్‌డీకి గైడ్ ఒప్పుకోనిదే కథ మొదలవదు. కెనడాలో చాలా డిపార్ట్‌మెంట్లదీ అదే పద్ధతి. అమెరికాలో బయాలజీ లాంటి వాటిలో ఎక్కువగా సీటు ఇచ్చేది అడ్మిషన్ కమిటీ. మొదటి ఏడాది ల్యాబ్ రొటేషన్లు, అంటే రెండు మూడు ల్యాబుల్లో కొన్నాళ్ల చొప్పున పనిచేయడం, అయ్యాకే గైడ్ ఖాయమవుతారు. అక్కడ మెయిల్ వల్ల ఒరిగేది తక్కువ.

డిసెంబర్ డెడ్‌లైన్లకు సెప్టెంబర్, అక్టోబర్‌లలో రాయాలి. 200 మాటలు చాలు: మీరెవరు, వాళ్ల ఈమధ్య పేపర్లో మీరు పట్టుకున్న ఒక పాయింటు, మీరు చేసిన దగ్గరి పని, చివర్లో ఒకే ప్రశ్న. సీవీ పీడీఎఫ్‌లో. రాసేముందు వాళ్ల వెబ్‌పేజీ ఆఖరి దాకా చదవండి. సబ్జెక్ట్ లైన్లో ఫలానా మాట పెట్టమని కొందరు అక్కడే చెబుతారు, అది లేని మెయిల్ తెరవరు. కన్సల్టెన్సీలు అమ్మే “యువర్ ఎస్టీమ్డ్ యూనివర్సిటీ” నమూనాలు చెత్తబుట్టలో వేయండి. కాపీ పేస్ట్ చేస్తే పేరు ఒక ఫాంట్‌లో, మిగతాది ఇంకో ఫాంట్‌లో పడుతుంది. వందమందికి పంపిన మెయిలని చెప్పడానికి అదొక్కటి చాలు.

ఇక అసలు తలనొప్పి. “థాంక్స్ ఫర్ యువర్ ఇంట్రెస్ట్, ఐ ఎంకరేజ్ యూ టు అప్లై.” మర్యాదగా వద్దనడం కావచ్చు, గ్రాంట్ (పరిశోధనకు వచ్చే నిధులు) ఇంకా తేలకపోవడం కావచ్చు, కమిటీని కాదని మాటివ్వలేకపోవడం కావచ్చు. అందరికీ అతికించే వాక్యమూ కావచ్చు. అప్లికేషన్ ఫీజు మన జేబులోంచి పోతుందన్న సంగతి మాత్రం ఆ వాక్యం రాసేవాళ్లకు తట్టదు.

జవాబులో మీ మెయిల్‌కే చెందిన ముక్క ఒక్కటైనా ఉందా వెతకండి. ట్రాన్‌స్క్రిప్ట్ అడిగినా, జూమ్‌కి టైమ్ ఇచ్చినా, మీ థీసిస్‌ డేటా గురించి ప్రశ్న వేసినా ఆసక్తి ఉన్నట్టే. ఏదీ లేకపోతే డబ్బు వైపు నుంచి, అంటే కొత్త విద్యార్థిని పోషించే గ్రాంట్ ఆ ప్రొఫెసర్‌కి ఉందా అని, చూడండి. అమెరికాలో ప్రభుత్వ గ్రాంట్ల వివరాలుండే ఎన్ఐహెచ్ రిపోర్టర్, ఎన్ఎస్ఎఫ్ అవార్డ్ సెర్చ్ అనే వెబ్‌సైట్లు ఎవరైనా చూడొచ్చు. ఏ గ్రాంట్ ఎప్పుడు ముగుస్తుందో తేదీతో సహా ఉంటుంది. మీరు చేరే ఏడాదే ఉన్న ఒక్క గ్రాంటూ అయిపోతుంటే అనుమానించాల్సిందే. కొత్తగా చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్లకు ఇది వర్తించదు: ల్యాబ్ మొదలుపెట్టుకోవడానికి వాళ్లకు యూనివర్సిటీ ఇచ్చే స్టార్టప్ ఫండ్ ఆ జాబితాల్లో కనపడదు, పైగా విద్యార్థుల అవసరం ఎక్కువుండేది వాళ్లకే. ఆ ప్రొఫెసర్ పరిశోధన గ్రూప్ వెబ్‌పేజీ కూడా చూడండి. నిరుడే ముగ్గురు చేరి ఉంటే ఈసారి ఖాళీ అనుమానమే.

అప్పటికీ తేలకపోతే మొహమాటం లేకుండా ఒక్క వాక్యం: “వచ్చే ఫాల్‌కి మీ గ్రూపులో కొత్త విద్యార్థిని తీసుకునే ఆలోచన ఉందా?” ఇలా సూటిగా అడిగితే నాకు సూటి జవాబులే వచ్చాయి, “లేదు” సహా. జవాబు రాకపోతే రెండు వారాలాగి ఒక్కసారి గుర్తుచేయండి, అంతే. ఒకే డిపార్ట్‌మెంట్లో ముగ్గురికి ఒకేసారి రాయకండి, వాళ్లు మాట్లాడుకుంటారు.

ప్రొఫెసర్ అవునంటే వాళ్ల పేరు ఎస్‌ఓపీలోనూ (ఎందుకు చేరాలనుకుంటున్నారో రాసే వ్యాసం), ఫారంలో ఫ్యాకల్టీ గడిలోనూ రాయండి. ఎంకరేజ్ వాక్యం ఒక్కటే వచ్చినచోట “చర్చించాను” అని మాత్రం రాయొద్దు. కమిటీ ఆ ప్రొఫెసర్‌నే అడగొచ్చు.