మంగళవారం చప్పుళ్లు

ఉదయం 5.10

కింద మోటారు వేశారు. అంతవరకు పడకగదిలో, ఫోనులో చప్పుడు కొలిచే మీటరు 31 డెసిబెల్ల దగ్గర కదలకుండా ఉంది. మోటారు అందుకోగానే 44కి ఎక్కింది. చూడ్డానికి తేడా పదమూడే. కానీ డెసిబెల్ మెట్లు మామూలు మెట్లు కావు. పది ఎక్కితే శక్తి పదింతలవుతుంది, చెవికి మోత దాదాపు రెట్టింపుగా తోస్తుంది. పదమూడంటే శక్తి ఇరవై రెట్లన్నమాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999 మార్గదర్శకాల్లో పడకగదికి రెండు హద్దులు రాసింది. నిలకడగా ఉండే చప్పుడు 30 దాటకూడదు, మధ్యలో ఉన్నట్టుండి లేచేది 45 దాటకూడదు. ఈ మోటారు రెండో గీత ఇవతలే ఆగింది, మొదటి గీతను ఎప్పుడో దాటేసింది.

మోటారు ఉన్నది సెల్లార్లో, గది మూడో అంతస్తులో. గాలిలో వచ్చే చప్పుడైతే మధ్యనున్న స్లాబులే మింగేసేవి. కిటికీ మూసినా తీసినా అంకె మారడం లేదంటే అది గాలి దారిన రావట్లేదు. దిమ్మెలోంచి పిల్లర్లలోకి, పైపుల్లోంచి గోడల్లోకి పాకుతోంది. గోడకి చెవి ఆనిస్తే ఒకే శ్రుతిలో హూంకారం వినపడుతుంది.

నిమిషానికి 2,880 చుట్లు తిరిగే మోటారు సెకనుకి 48 సార్లు ఊగుతుంది. కింద రబ్బరు పెడితే సరిపోతుందని అందరూ అంటారు. ఏ రబ్బరు, ఎంత మందం అన్నది ఎవరూ అడగరు. బరువు పడ్డాక రబ్బరు ఎన్ని మిల్లీమీటర్లు దిగిందన్నదే అసలు లెక్క. ఆ సంఖ్యకి వర్గమూలం కట్టి, దాంతో 16ని భాగిస్తే, ఆ ప్యాడ్ తనంతట తాను సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో తెలుస్తుంది. మోటారు ఊపు దానికి కనీసం ఒకటిన్నర రెట్లుంటే తప్ప లాభం లేదు, మూడు రెట్లుంటే హాయి. మూడు మిల్లీమీటర్లు దిగే ప్యాడ్‌కి 9 వస్తుంది. 48కీ 9కీ మధ్య అయిదు రెట్ల దూరం ఉంది కాబట్టి బ్రహ్మాండం. పాత ట్యూబు ముక్క కోసి పరిస్తే మహా అయితే 0.2 మిల్లీమీటర్లు నలుగుతుంది, దాని లెక్క 36 దగ్గర తేలుతుంది. అప్పుడు అది ఊపును ఆపకపోగా కాస్త పెంచి మరీ కిందికి పంపుతుంది. "రబ్బరు వేశాక మోత ఎక్కువైందండీ" అనేవాళ్లని చూసి నవ్వడం తప్పు, వాళ్ల చెవులు నిజమే చెబుతున్నాయి.

మూడు మిల్లీమీటర్లు దిగాలంటే పాతిక మిల్లీమీటర్ల మందమైనా కావాలి. అదీ మరీ గట్టి రబ్బరు కాకూడదు. తర్వాత బోల్టులు. ప్యాడ్‌లోంచి దిమ్మెలోకి దిగిన ఇనప బోల్టును బిర్రుగా బిగిస్తే ప్యాడ్ పెట్టీ పెట్టనట్టే, ఊపు మొత్తం ఆ బోల్టు మీంచే దిగిపోతుంది. వాషరు కింద రబ్బరు బుష్ వేసి, నట్టును చేత్తో పట్టేంతవరకు తిప్పి, లాక్ నట్టుతో ఆపాలి.

ఇంత చేసినా సగం చోట్ల ఫలితం రాదు, పైపును మరిచిపోతారు గనక. మోటారు నుంచి తిన్నగా గోడెక్కే గట్టి పైపు చప్పుడుకి నిచ్చెన. పంపుకి అటూ ఇటూ చెరొక ఫ్లెక్సిబుల్ రబ్బరు ముక్క పెట్టాలి, గోడ మీద క్లాంపులకి లోపల రబ్బరు పట్టీ వేయాలి. ప్యాడ్ ఒక్కటీ వేసి పైపు వదిలేయడం ముందు తలుపుకి తాళం వేసి పెరటి తలుపు బార్లా తీసి పెట్టడం లాంటిది.

ఇవాళ హూంకారంతో పాటు కంకర దొర్లుతున్న గరగర కూడా ఉంది. అది మోటారుది కాదు, నీళ్లది. పీల్చే వైపు నీళ్లు అందక ఆవిరి బుడగలు పుట్టి, పంపు లోపల తిరిగే రెక్కల చక్రం (ఇంపెల్లరు) మీద పగిలే చప్పుడు. పీల్చే పైపు అడుగునుండే ఫుట్ వాల్వు జాలీకి నాచు పట్టినా, పీల్చే పైపు సన్నదైనా ఇలాగే వస్తుంది. జాలీ కడిగితే చప్పుడూ పోతుంది, ఇంపెల్లరూ మిగులుతుంది.

5.35. మోటారు ఆపారు. ఆగిన మరుక్షణం గోడలో "ఠప్". పైకి వెళ్తున్న నీళ్లు వెనక్కి తిరిగి, వాటిని కిందికి పోనివ్వకుండా ఆపే వాల్వు రేకును కొట్టిన దెబ్బ అది. రేకు వాల్వు తీసి స్ప్రింగు వాల్వు పెడితే, నీళ్లు వెనక్కి తిరిగేలోపే మూసుకుంటుంది.

ఉదయం 8.20

రోడ్డు. ఇక్కడ లెక్క వేరు.

ఒక్కొక్కటి 70 డెసిబెల్ల చప్పుడు చేసే బళ్లు పది ఒకేచోట ఉంటే మొత్తం 700 అవదు, 80 అవుతుంది. అందులో ఒకడు బుద్ధిగా ఇంజను ఆపేశాడనుకుందాం. 79.5. ఆ అర డెసిబెల్ తేడాను ఏ చెవీ పట్టలేదు. "నేనొక్కణ్ణి ఆపితే ఏమవుతుంది?" అనేవాడి ప్రశ్నకి నిజాయితీగా చెప్పాల్సిన జవాబు ఇదే: ఏమీ అవదు. అయిదుగురు ఆపితే 77, ఏదో తగ్గినట్టు అనిపిస్తుంది. తొమ్మిది మంది ఆపితే 70, అప్పుడు గానీ మోత సగమైనట్టు తోచదు. రోడ్డు మీద మంచితనానికి ఫలితం చివర్లో, అందరూ కలిశాకే కనిపిస్తుంది. మధ్యలోనే విసిగిపోయి మానేసేవాళ్లు అందుకే ఎక్కువ.

అదే లెక్క ఇంకోవైపు నుంచి చూడాలి. గుంపులో ఒక్క బండి మిగతావాటి కంటే 20 డెసిబెల్లు ఎక్కువ మోగిందంటే అదొక్కటే వంద బళ్లకి సమానం. సైలెన్సరులో చప్పుడు అణిచే బ్యాఫిల్ పీకేసిన మోటార్‌సైకిల్, అవసరం లేకపోయినా నొక్కి పట్టుకున్న ఎయిర్ హారన్ ఈ కోవలోవి. తొంభై తొమ్మిది మందికి నీతులు చెప్పే కంటే ఆ ఒక్కదాన్ని ఆపడం తేలిక, ఫలితమూ వెంటనే వినిపిస్తుంది. శబ్దం తగ్గించే పనిలో మొదటి సూత్రం ఇదే: అన్నిటికంటే గట్టిదాన్ని ముందు పట్టుకో. అది ఉండగా మిగతావాటి మీద ఎంత ఖర్చు పెట్టినా మీటరు కదలదు.

కారు గంటకి 40, 50 కిలోమీటర్లు దాటాక ఇంజను కంటే టైరే ఎక్కువ అరుస్తుంది. విద్యుత్ కార్లు వస్తే రోడ్లు నిశ్శబ్దమైపోతాయనే ఆశ సందుల్లో నిజమవుతుంది, హైవే పక్కన కాదు. విడ్డూరమేమిటంటే, నిదానంగా వెళ్లే విద్యుత్ కారు చడీచప్పుడు లేకుండా మీదికి వస్తోందని, 2019 జూలై నుంచి యూరప్‌లో కొత్త మోడళ్లకి 20 కిలోమీటర్ల వేగం వరకు కావాలని చప్పుడు పెట్టించారు.

రోడ్డు పక్క చెట్ల వరస గురించి. నీడకి నాటండి, పిట్టలకి నాటండి. ఒక్క వరస చెట్లు చప్పుడును వినపడేంతగా తగ్గించవు. మనిషి దూరలేనంత దట్టంగా కొన్ని పదుల మీటర్ల లోతున ఉంటేనే తోపు పనిచేస్తుంది. గోడ నయం. బండి కనపడకుండా అడ్డొస్తే చాలు, 5 డెసిబెల్లు తగ్గుతుంది. మధ్యలో కన్నాలు మాత్రం ఉండకూడదు.

కన్నాల సంగతి వచ్చింది కాబట్టి తలుపు. రెండు మీటర్ల ఎత్తు, తొంభై సెంటీమీటర్ల వెడల్పున్న మంచి తలుపు 30 డెసిబెల్లు ఆపగలదు. దాని కింద సెంటీమీటరు సందు ఉంటే అది మొత్తం వైశాల్యంలో అర శాతం. ఆ అర శాతంతో తలుపు 22 దగ్గరే చతికిలబడుతుంది. తలుపు మార్చక్కర్లేదు, కింద రబ్బరు పట్టీ, మూడు పక్కలా సీలు చాలు. కర్టెన్లు, గుడ్ల అట్టలు, గోడకంటించే స్పాంజి ఇవన్నీ గదిలోపలి ప్రతిధ్వనిని తగ్గిస్తాయి తప్ప బయటి రొదను ఆపవు. ఆపాలంటే బరువుండాలి, సందు ఉండకూడదు. ఈ రెండూ లేని సరుకు ఏ పేరుతో అమ్మినా ఇంతే.

మధ్యాహ్నం 12.00

బడి గంట. మీటరు దూరంలో టీచరు గొంతు 60 అనుకుంటే, దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 తగ్గుతుంది: రెండు మీటర్లకి 54, నాలుగింటికి 48, ఎనిమిదింటికి 42. గోడల ప్రతిధ్వని కాస్త నిలబెడుతుంది, అదే అక్షరాలను అలుకుతుంది కూడా. పిల్లలు మాట స్పష్టంగా పట్టుకోవాలంటే గొంతు చుట్టూ ఉన్న రొద కంటే 15 పైన ఉండాలి. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ తరగతి గది రొదకి 35 అని హద్దు పెట్టింది; ప్రతిధ్వని సాయం లేకపోతే వెనక బెంచీకి అదీ చాలదు.

న్యూయార్క్‌లో రైలు వంతెన పక్కనున్న ఒక బడిలో మనస్తత్వ పరిశోధకురాలు ఆర్లీన్ బ్రాన్‌జాఫ్ట్ 1975లో ఒక సంగతి తేల్చారు. పట్టాల వైపు గదుల్లో కూర్చున్న పిల్లలు అవతలి వైపు గదుల పిల్లల కంటే చదవడంలో వెనకబడ్డారు, పై తరగతికి వచ్చేసరికి ఆ తేడా దాదాపు ఏడాది. తర్వాత పట్టాల కింద రబ్బరు ప్యాడ్లు, గదుల పైకప్పుకి చప్పుడు పీల్చే పలకలు వేశారు. 1981లో మళ్లీ చూస్తే రెండు వైపులా పిల్లలు సమానం. బడి అదే, పట్టాలూ అక్కడే. రబ్బరు మారింది.

మధ్యాహ్నం 3.00

పక్క వీధిలో గ్రైండరుతో ఇనుము కోస్తున్నారు. చెవులకి రక్షణ ఏమీ పెట్టుకోలేదు. 85 డెసిబెల్లలో ఎనిమిది గంటలు పనిచేయవచ్చు, అక్కణ్ణుంచి మూడు పెరిగిన ప్రతిసారీ సమయం సగం. 88కి నాలుగు గంటలు, 94కి గంట, 100కి పావుగంట. గ్రైండరు 100 దగ్గర ఉంటుంది. టీ తాగే వేళకే రోజు కోటా అయిపోయిందన్నమాట. లోపలి చెవిలో చప్పుడును పట్టే రోమకణాలు ఒకసారి పోతే మళ్లీ మొలవవు.

ఫోమ్ ప్లగ్గు పెట్టుకునే తీరులో పొరపాటు ఎక్కడంటే, బయటే పెట్టి నొక్కుతారు. సన్నని వత్తిలా నలిపి, రెండో చేత్తో తల వెనక నుంచి చెవి పై అంచును పైకీ వెనక్కీ లాగి, లోపలికి తోసి, ఉబ్బేదాకా అర నిమిషం వేలితో ఆపాలి. సరిగ్గా కూర్చుంటే సొంత గొంతు కుండలోంచి వచ్చినట్టు వినపడుతుంది. 30 తగ్గించే ప్లగ్గును పని సమయంలో సగం సేపు తీసేసి ఉంచితే సగటున దక్కేది 15 కాదు, 3. ఇదీ డెసిబెల్ల మాయే.

రాత్రి 9.40

దూరంగా ఏదో కార్యక్రమం. పాట వినపడదు, "దుమ్ దుమ్" మాత్రం వస్తుంది. 50 హెర్ట్‌జ్ (సెకనుకి 50 ఊపులు) అల పొడవు దాదాపు ఏడు మీటర్లు, దానికి ప్రహరీ ఒక లెక్కా? సన్న స్వరాలు గోడ దగ్గరే ఆగిపోతాయి. మీటరు చూపిస్తే నిర్వాహకులు "అంత లేదు కదండీ" అంటారు. వాళ్లు చూసేది 'ఎ' తూకం, అంటే మీటరులో లోతు స్వరాలను తక్కువగా లెక్కగట్టే పద్ధతి, అది 50 హెర్ట్‌జ్ దగ్గర 30 డెసిబెల్లు తీసేసి చూపిస్తుంది. లోతు స్వరాలను దాదాపు అలాగే ఉంచే 'సి' తూకానికి మార్చి చూస్తే దుమ్ దుమ్ బయటపడుతుంది.

వేదిక దగ్గర పెద్ద బాక్సులు పేర్చడంలోనే తప్పుంది. 32 మీటర్ల దూరంలో కూర్చున్నవాడికి 75 వినపడాలంటే బాక్సు ముందు మీటరుకి 105 పెట్టాలి. అదే చిన్న బాక్సులను జనం మధ్యలో, ఎవరికీ 8 మీటర్లకి మించకుండా, కిందికి వంచి పెడితే 93 చాలు. వైరు ఎక్కువ పడుతుంది. ముందు వరసల చెవులూ బతుకుతాయి, ఊరూ పడుకుంటుంది.

పై అంతస్తులో వాషింగ్ మెషిన్ స్పిన్‌కి వచ్చింది, దడదడ. ఒక్కటే పెద్ద దుప్పటి వేసి ఉంటారు, తడిసి ఒక పక్కకి ముద్ద కట్టింది. లేదా నాలుగు కాళ్లలో ఒకటి నేలకి తగలట్లేదు. మూల మీద నొక్కితే ఊగుతుంది, కాలు తిప్పి దించి, లాక్ నట్టు బిగిస్తే సరి. కొత్త మెషిన్ అయితే వెనక, తెచ్చేటప్పుడు డ్రమ్ము కదలకుండా బిగించిన ట్రాన్సిట్ బోల్టులు తీశారో లేదో అడగాలి. ఈ మాట చెప్పడానికి రాత్రి తొమ్మిదిన్నరకి తలుపు కొట్టకూడదు. రేపు మెట్ల మీద కనిపించినప్పుడు, "అక్కా, మీ మెషిన్ కాలు ఒకటి పైకుందేమో, పానా తెచ్చి చూడమంటారా" అంటే చాలు. ఫిర్యాదుగా వెళ్తే గొడవవుతుంది, పానాతో వెళ్తే పనవుతుంది.

రాత్రి 11.15

ఉదయం రోడ్డు మీది లెక్క ఇప్పుడు తలకిందులైంది. అప్పుడు ఒకడు ఆపినా ఏమీ అవలేదు. తెల్లారకముందు చుట్టూ 31 ఉన్నప్పుడు 44తో మోగేది ఆ మోటారు ఒక్కటే, అది ఆగితే మొత్తం ఆగినట్టే. పైగా రాత్రి నేల చల్లబడి పైన వెచ్చగాలి నిలిస్తే, పైకి పోవాల్సిన చప్పుడు వంగి కిందికి దిగుతుంది. పగలు వినపడని రైలు రాత్రి పక్క వీధిలో ఉన్నట్టు వినపడేది అందుకే. మోటారు వేసే వేళను 5.10 నుంచి 6.30కి జరిపితే పైసా ఖర్చు లేకుండా అంత మోతా పగటి రొదలో కలిసిపోతుంది. ప్యాడ్లు తర్వాత వేసుకోవచ్చు.

ఫ్యాను ఒక మెట్టు తగ్గింది. వేగం అయిదో వంతు తగ్గిస్తే గాలి చప్పుడు 5 డెసిబెల్ల దాకా పడిపోతుంది. వంటింట్లో ఫ్రిజ్ ఒకసారి వణికి ఆగిపోయింది. మీటరు 31, 30, 29. ఇంతకంటే కిందికి ఈ ఫోను దిగదు. మిగిలింది గదిలోది కాదు, మైకు సొంత గరగర.